రేపు చెబుతానన్న శబ్దం

కరోనాకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను కృష్ణగిరి యూనిట్ నుంచి హోసూరుకు బదిలీ చేశారు. మూకండపల్లి పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు తయారు చేసే కర్మాగారం అది. నా హోదా సీనియర్ సేఫ్టీ ఆఫీసర్. ఇనుప రేకును అచ్చులో పెట్టి నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్ షాపు పూర్తిగా నా బాధ్యత అన్నారు. కృష్ణగిరిలో ఇల్లు మార్చలేదు. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాడిని.

నా భార్య కమల వారపత్రికలకు సస్పెన్స్ సీరియళ్లు రాసేది. ఆమె పోయి ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. పాఠకుణ్ణి చివరిదాకా ఎలా పట్టి ఉంచాలో ఆమె చేత ఒక వ్యాసం రాయించాలని హోసూరులో కొందరు చదువరులు అనుకున్నారట. ఇప్పుడు దాన్ని నన్ను రాయమన్నారు. నేను కథలు రాసినవాణ్ణి కాను. ఆమె పద్ధతిని ఉద్యోగంలో ఒక్కసారి వాడుకున్నాను. దాని గురించి మాత్రం చెప్పగలను.

ఆ షాపులో పదకొండు పాత ప్రెస్సులున్నాయి. ప్రతిదానికీ ముందువైపు రెండు బొత్తాలు, మనిషి భుజాల వెడల్పులో ఉంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే ర్యామ్ అనే బరువైన ఇనుప దిమ్మ కిందికి దిగుతుంది. రెండు చేతులూ బొత్తాల మీద ఉంటే ఏ చెయ్యీ అచ్చులో ఉండదు. రక్షణ అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. అక్కడి ఆపరేటర్లు సైకిల్ ట్యూబు ముక్కతో ఎడమ బొత్తాన్ని నొక్కిపెట్టి కట్టేసేవారు. అప్పుడు కుడి చేత్తో నొక్కుతూ, ఎడమ చేత్తో రేకు అందించవచ్చు. పని వేగంగా సాగుతుంది, భుజాలు నొప్పి పెట్టవు. నేను తిరిగేటప్పుడు ట్యూబులు మాయమయ్యేవి. వెనక్కి తిరిగితే మళ్లీ వచ్చేవి.

బొత్తాన్ని కట్టేస్తే ప్రెస్సు అసలు కదలకుండా చేసే రిలేలనే విద్యుత్ పరికరాలు దొరుకుతాయి. తెప్పించమని రాశాను. వచ్చి బిగించడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. ఆ ఆరు వారాలూ అక్కడి చేతులకు నా మాట తప్ప అడ్డం లేదు. షిఫ్టు మొదట్లో యంత్రాల పక్కనే నిలబడి ఐదు నిమిషాలు జాగ్రత్తలు చెప్పే ఆనవాయితీ ఉంది. దాన్ని టూల్ బాక్స్ టాక్ అంటారు. నేను చెప్పేవాడిని, వాళ్లు గడియారం చూసేవారు. బస్సులో కూర్చున్నా నాకు ఆ చేతులే కనిపించేవి. కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయే అలవాటు ఆ నెలలో పోయింది.

నాలుగో నంబరు ప్రెస్సు మీద మునిరాజు అనే ఆపరేటరు ఉండేవాడు. బేరిగై ఊరి మనిషి. అన్న గొర్రెలు మేపుతాడు, ఇతను ఫ్యాక్టరీకి వచ్చాడు. షాపులో నోరున్నవాడు ఇతనే. రెండో వారంలో ఒక రోజు నేను మాట్లాడుతుండగానే అన్నాడు: "సార్, మీరు చెప్పేదంతా గోడ మీద రాసే ఉండాది. మేము చదువుకోనే లోపలికి వచ్చినాము." అందరూ నవ్వారు. సూపర్‌వైజరు గోవిందప్ప కూడా నవ్వును మీసం కింద దాచుకున్నాడు.

ఇంటికి వెళ్లి కమలకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ వింది. "మీ మాటకు చివర ఏముందో వాళ్లకు మొదట్లోనే తెలిసిపోతా ఉంది. జాగ్రత్తగా ఉండండి అంటారు, అంతే కదా. ఇంక వినేదెందుకు?" అంది. తన పద్ధతి చెప్పింది. ఒక మనిషిని ముందు వాళ్లకు దగ్గర చెయ్యాలి, అతను ఏం తిన్నాడో, ఎవరితో పోట్లాడి వచ్చాడో తెలియాలి. ప్రమాదం దగ్గరికి వచ్చేకొద్దీ నడక తగ్గించాలి. తాళంచెవి వెతకడం, చెప్పులు విడవడం లాంటి చిన్న పనుల దగ్గర నిలపాలి. ఆ వారం భాగం సంఘటన ముగిసినచోట ఆగకూడదు, ప్రశ్న పుట్టినచోట ఆగాలి. తలుపు తెరుచుకుంటుంది, లోపల ఏముందో వచ్చే వారం.

కృష్ణగిరి యూనిట్‌లో అంతకు చాలా ఏళ్ల ముందు జరిగిన ప్రమాదం ఒకటి నాకు క్షుణ్ణంగా తెలుసు. విచారణ చేసింది నేనే. దాన్ని మూడు భాగాలు చేసుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకు మొదలుపెట్టాను. ఆ ఆపరేటరు ఆ రోజు చెల్లెలి పెళ్లిచూపుల నుంచి నేరుగా డ్యూటీకి వచ్చాడని, కొత్త చొక్కా మీదే ఓవరాల్ తొడుక్కున్నాడని చెప్పి ఆపేశాను. మంగళవారం ఎవరూ గడియారం చూడలేదు. అతను బొత్తానికి ట్యూబు కట్టడం దగ్గర ఆపాను. టీ సమయంలో మునిరాజు నా వెంటపడ్డాడు. "సార్, ఆ మనిషి చెయ్యి ఉండాదా పోయిందా, అదొకటి చెప్పేసి పోండి. ఇంటికాడ మా ఆడది గూడా అడుగుతా ఉండాది."

"రేపు రాప్పా," అన్నాను. సంతోషం వేసింది. అబద్ధం చెప్పను.

ఆ రెండు రోజులూ దూరం నుంచి ట్యూబులు లెక్కపెట్టాను. ఏమీ తగ్గలేదు. చెవులు దొరికాయి కదా, చేతులు తర్వాత దొరుకుతాయని నచ్చజెప్పుకున్నాను.

బుధవారం కథ ప్రమాదం అంచుకు వచ్చింది. ప్రతి దెబ్బ తర్వాత ర్యామ్ పైకి వెళ్లి ఆగాలి. దాన్ని ఆపేది బ్రేకు. కృష్ణగిరిలో ఆ రోజు బ్రేకు అరిగిపోయి, ర్యామ్ పైన నిలవకుండా కొద్దిగా జారడం మొదలుపెట్టింది. జారినప్పుడల్లా గీరినట్టు ఒక శబ్దం వచ్చేది. అది వినగానే ప్రెస్సు ఆపేసి మెయింటెనెన్స్ వాళ్లను పిలవాలి. రెండు చేతులూ బొత్తాల మీద పెట్టేవాడికి ర్యామ్ పైకి వెళ్లి ఆగేదాకా చెయ్యి లోపలికి పెట్టే వీలుండదు. ట్యూబు కట్టినవాడి ఎడమ చెయ్యి అప్పటికే లోపల ఉంటుంది.

నేను చెప్పవలసింది ఇదంతా. చెప్పింది మాత్రం ఇంత: "ఐదు గంటలు కావస్తోంది. అతను ఇంకో రేకు అందుకున్నాడు. అప్పుడు ప్రెస్సులో నుంచి ఒక శబ్దం వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ వినని శబ్దం. అదేమిటో రేపు చెబుతాను."

గోవిందప్ప కూడా, "ఏం సార్, ఇట్ల చేస్తిరి," అన్నాడు. గుంపు గొణుక్కుంటూ యంత్రాల దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం ఐదు దాటాక నేను ఆఫీసులో ఉండగా నాలుగో ప్రెస్సు దగ్గర కేక వినిపించింది. మునిరాజు ఎడమ చేతి వేళ్లు రెండు అచ్చులో పోయాయి. బ్రేకు అరిగింది. బొత్తానికి ట్యూబు ఉంది.

ఆస్పత్రిలో కట్టు కట్టాక అతనితో మాట్లాడాను. విచారణలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ముందుగా ఏమైనా తేడా గమనించావా?

"శబ్దం వచ్చింది సార్," అన్నాడు. "మూడు నాలుగు సార్లు వచ్చింది. మీరు చెప్పిన శబ్దం ఇదేనేమో అనుకుంటిని. ఏమిదో రేపు చెప్తాననిరి కదా. ఆ మనిషికి ఏమైంటుందో అని అదే ఆలోచన చేస్తా రేకు పెడితిని."

అతను నన్ను తప్పు పట్టడం లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. తర్వాత, "ఇంతకీ ఆయప్ప చెయ్యి?" అని అడిగాడు. పోయిందని చెప్పాను. తల ఊపాడు.

ఇంటికి వచ్చి కమలకు జరిగింది చెప్పాను. ఆమె చివరిదాకా వింది. ఆ తర్వాత, "నా పాఠకుడు కుర్చీలో కూర్చుని ఉంటాడు. వారం రోజులు వాడికేమీ కాదు. మీ వాళ్లు యంత్రం ముందర ఉంటారని నాకు తోచలేదు. మీకు తోచి ఉండాల్సింది," అంది. ఇంకొక మాట కూడా అంది. దాచిపెట్టి పట్టుకోవడం తేలికైన పద్ధతని, కథలో మనిషికి తెలియని ప్రమాదం పాఠకుడికి ముందే తెలిస్తే వాడు ఇంకా గట్టిగా కూర్చుంటాడని. మొదటి రోజు ఆ మాట చెప్పలేదేమని నేను అడగలేదు.

గురువారం రెండు గంటలకు ముగింపుతోనే మొదలుపెట్టాను. మునిరాజు వేళ్లు రెండు పోయాయి, కృష్ణగిరి మనిషికి చెయ్యే పోయింది, ఇద్దరూ ట్యూబు కట్టారు, ఇద్దరూ శబ్దం విన్నారు అన్నాను. ఆ శబ్దం ఏమిటో, వినగానే ఏం చెయ్యాలో చెప్పాను. తర్వాత కృష్ణగిరి మనిషి దగ్గరికి వచ్చాను. అతను ట్యూబు కట్టాడు. శబ్దం వచ్చింది. పక్కవాడితో చెల్లెలి సంబంధం సంగతి చెప్పాడు. మళ్లీ శబ్దం వచ్చింది. ఎడమ చేతిలోకి రేకు తీసుకున్నాడు.

వెనక వరుసలో ఎవరో, "తీసేయప్పా ఆ ట్యూబు," అన్నారు. నాతో కాదు, కథలోని మనిషితో. ఆ మనిషి చెయ్యి పోతుందని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఎవరూ నవ్వలేదు.

మాట ముగిశాక గోవిందప్ప ఒక అట్టపెట్టె తెచ్చి నేల మీద పెట్టాడు. "వేసేయండప్పా," అన్నాడు. ఆ షిఫ్టు వాళ్లు తమ ట్యూబు ముక్కలు అందులో వేశారు. రిలేలు వచ్చి బిగించేదాకా ఆ షాపులో మళ్లీ ట్యూబు నాకు కనబడలేదు. నేను లేనప్పుడు కట్టారేమో తెలియదు. ఇంకో ప్రమాదం మాత్రం జరగలేదు.

విచారణ నివేదికలో కారణాలు రాసేచోట బ్రేకు అరుగుదల, బొత్తాన్ని కట్టేయడం రాశాను. ఇతర విషయాలు అనేచోట, ప్రమాదసూచన తెలిసి కూడా సేఫ్టీ ఆఫీసరు ఆ రోజు చెప్పకుండా ఆపాడని రాశాను. ప్లాంట్ మేనేజరు చదివి, "కథకు వేళ్లు తెగుతాయా సార్? ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు నవ్వుతాడు, తీసేయండి," అన్నాడు. తీసేశాను. మునిరాజు ట్యూబు కట్టిన సంగతి నివేదికలో ఉండిపోయింది. నా సంగతి ఉండలేదు. అతన్ని తర్వాత స్టోర్స్‌కు మార్చారు. నేను రిటైరయ్యేదాకా ఎదురుపడినప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు.

చదువరులు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇది. వినేవాడి దృష్టిని పట్టుకున్నామంటే, అప్పటిదాకా అది ఉన్నచోటి నుంచి లాగేశామని అర్థం. ఎక్కడి నుంచి లాగుతున్నామో ముందు చూసుకోవాలి. ప్రమాదం ఏమిటో మొదట్లోనే చెప్పేసినా మనిషి చివరిదాకా వింటాడు. కథల వాళ్లు ఏం దాచుకుంటారో వాళ్ల ఇష్టం. బతికున్న మనిషికి ఈ రోజు అవసరమైన మాటను రేపటికి ఆపకూడదు.