ఫారంలో రాసిన “అవును”

వర్క్‌షాపులో ఆమెను అందరూ సూదికన్ను అనేవారు. వెంట్రుకంత తీగను సర్క్యూట్ బోర్డుకు టంకం పెట్టాలంటే మిగతావాళ్లు భూతద్దం వెతుక్కునేవారు, ఆమె ఊపిరి బిగబట్టి ఇట్టే అతికించేసేది. ఆ పనితనం చూసే, రక్షణ శాఖ పరికరాలు తయారయ్యే విభాగంలోకి తీసుకుంటామన్నారు. దానికి ప్రభుత్వ భద్రతా అనుమతి కావాలి. అందుకు ఇరవై ఆరు పేజీల ఫారం నింపాలి.

పందొమ్మిదో పేజీలో కలం ఆగింది. ఎప్పుడైనా మత్తుపదార్థాలు వాడారా? హాస్టల్లో చివరి ఏడాది ఆమె ఏడు నెలల పాటు గంజాయి తాగింది. పరీక్ష తప్పేసరికి హడలిపోయి మానేసింది. అది పద్నాలుగేళ్ల కిందటి మాట.

ఆ సంగతి తెలిసింది వదినకొక్కదానికే. అప్పట్లో ఇద్దరిదీ ఒకే గది, తోడుగా తాగింది కూడా ఆవిడే. తర్వాత అన్నయ్యను చేసుకుని వదినయింది. మూడేళ్లుగా ఆ విభాగంలోనే రికార్డుల గదిలో పని. సలహా అడిగితే, “లేదని రాసి పారెయ్. ఎవడొచ్చి తవ్వుతాడు?” అంది. మర్నాడు ఫోన్ చేసి అదే మాట. ఆ మర్నాడు ఇంటికే వచ్చి, పిల్లలకు జడలు వేస్తూ మళ్లీ అదే మాట. నా మీద ఎంత బెంగో అని మురిసిపోయింది సూదికన్ను. కానీ అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. “అవును” అని రాసింది.

ఫారం చూసి విచారణాధికారి కసరలేదు. ఎన్నాళ్లు, ఎందుకు మానేశారు అని మెల్లగా అడిగి రాసుకున్నాడు. పాత విషయం, పైగా దాచలేదు కాబట్టి అది అడ్డం కాకపోవచ్చన్నాడు. ఆమె గుండె కుదుటపడింది.

“ఎవరితో కలిసి తాగేవారండీ?”

వదిన కూడా ఇదే ఫారం నింపి ఉంటుంది కదా! ఇదే పేజీలో ఏం రాసి ఉంటుందో, ఆ మూడు రోజుల బెంగ ఎవరి కోసమో అప్పుడు తెలిసొచ్చింది. ఆలోచించుకుని చెబుతానంది. ఆయన సోమవారం దాకా గడువిచ్చాడు. చెప్పనంటే అదీ ఫైల్లో రాయాల్సి వస్తుందన్నాడు.

ఆ సాయంత్రమే వదిన దగ్గరికి వెళ్లింది. ఆవిడ మేడ మీద బట్టలు తీస్తోంది.

“నా పేరు చెప్పావా?”

“ఇంకా లేదు. నువ్వే ముందు వెళ్లి చెప్పెయ్ వదినా. ఎప్పుడో మానేసిందేగా.”

వదిన చేతిలోని దుప్పటి మడత పెట్టడం ఆపలేదు. “నువ్వు పరీక్ష తప్పి మానేశావ్. నేను పాసయ్యాను కదే.”

అంటే, వదిన అసలు మాననేలేదు. పద్నాలుగేళ్లు! ఒకే కుటుంబంలో పండగలు, పురుళ్లు, ఆస్పత్రులు, ఒక్కనాడూ అనుమానం రాలేదు. అన్నయ్యకీ తెలియదట.

సోమవారం దాకా వదిన వెళ్లలేదు. సూదికన్నే వెళ్లి ఆ పేరు చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

పదకొండు రోజుల్లో వదిన అనుమతి రద్దయింది. అన్నయ్య ఆవిడను చికిత్సకు చేర్పించాడు. “నాకు ముందు చెప్పొచ్చుగా,” అన్నాడు చెల్లెలితో, మొహం చూడకుండా. అయిదు నెలలకు సూదికన్ను అనుమతి కాగితం వచ్చింది. ఆ కాగితం చేత్తో పట్టుకుని, ఎవరికి ముందు చెప్పాలో తోచక, వర్క్‌షాపు గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది.