ఫ్లాస్కుకు కప్పిన గొంగడి

ఈ ఉదయం మా ఆవిడ అటుక దులుపుతూ మూత పగిలిన పాత ఫ్లాస్కునొకదానిని దించి, పారవేయనా అని అడిగితే, వద్దని గభాలున చేయి చాచాను. అందులో మేము ఒక్కనాడైనా చాయ్ పోసుకున్నది లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన తొలి యేండ్లలో మా కోడలు మహబూబ్‌నగర్ నుండి రోజూ రైలెక్కి హైదరాబాదులో పరిశోధన చేసివచ్చేది. గొర్రె అండాశయంలో ఇసుకరేణువులవలె ఉండే అండపుటికలను, అంటే గుడ్డు ఎదిగే తిత్తులను, వేరుచేసి, హార్మోన్లూ పెరుగుదలను ప్రేరేపించే మాంసకృత్తులూ కలిపిన ద్రవంలో పెంచడం ఆమె పని. మా ఊరి కబేళాలో తీసిన అండాశయాలను గోరువెచ్చని ఉప్పునీటిలో మోసుకుపోవాలి. దారిలో చల్లారితే పుటికలు ఎదగవు. అంతకుముందు తెచ్చినవి అట్లే చెడిపోయి, ప్రయోగశాలలో ఆ ద్రవంలో కలిపే మందు చివరి సీసాకు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె కాలు బెణికింది, మా అబ్బాయి ఊళ్ళో లేడు. ప్రబంధపాఠం తప్ప మరొకటి ఎరుగని, నీచు ముట్టని నేను ఫ్లాస్కు పట్టుకొని బయలుదేరాను.

నన్ను చూసి కబేళా పెద్దాయన నివ్వెరపోయి, "పంతులు సాబ్, తొవ్వ తప్పిన్రా? కూరగాయల మండి అవతలుంది!" అన్నాడు. కోడలి పేరు చెప్పగానే, "మేడమ్ పనా! ఫికర్ చెయ్యకున్రి" అని ఫ్లాస్కు నింపి ఇచ్చాడు.

చలికాలపు రైలు, కిటికీ అద్దం విరిగి గాలి కోస్తున్నది. ఎదుట కూర్చున్న అవ్వ, "పంతులూ, జర చాయ్ పొయ్యరాదు" అన్నది. చాయ్ కాదు, గొర్రె అండాశయాలని ఉన్నమాట చెప్పాను.

"గీ వయసుల నీచు మొదలువెట్టినవా!"

పెట్టె అంతా ఘొల్లున నవ్వింది. నేను సంగతి వివరించగా, జీవాలు కాచే ఇల్లు కాబోలు, ఆమె నవ్వు ఆపి, భుజం మీది గొంగడి తీసి ఫ్లాస్కుకు చుట్టి, "సల్లారితె పిల్ల కష్టం పోదా?" అన్నది. షాద్‌నగర్‌లో దిగుతూ గొంగడి తీసుకొని, "పెరిగినయో లేదో నాకెట్ల తెలుస్తది?" అన్నది. ఆమె ఊరూ పేరూ అడిగేలోపలే రైలు కదిలింది. అక్కడినుండి నా ఉత్తరీయం ఆ పని చేసింది.

పుటికలు పెరిగినవి. కొన్నాళ్ళకు కోడలు సూక్ష్మదర్శినిలో చూపించింది. చుట్టూ వలయంతో గుడి కట్టిన చందమామవలె ఒక్కొక్కటి నిండుగా ఉన్నది.

ఇప్పుడు అండాశయాలు తమంతట తామే వెచ్చగా ఉండే పెట్టెలో ప్రయాణిస్తున్నవి. మేమూ కారులోనే పోతున్నాము. సుఖమే, కాదనను. కాని ఆ దారిలో షాద్‌నగర్ స్టేషను తగలదు. అవ్వకు చెప్పవలసిన మాట నా వద్దనే ఉండిపోయింది.