తోడల్లుడి హైబ్రిడ్ కారులో ఎమ్మిగనూరికి, కడుపుమంటతో

ఇరవై ఏళ్లుగా మా అత్త ఎక్కడికి పోవాలన్నా పెద్దల్లుడినైన నా పాత డీజిల్ జీపే దిక్కు. ఈమధ్య మా తోడల్లుడు వీరేశు మైల్డ్ హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజనుకు చిన్న బ్యాటరీ మోటారు సాయపడేది, కొన్నాడు. అప్పటి నుంచి ఆవిడ నోట ఆ కారు మాటే. వచ్చే నెల కర్నూలులో ఆవిడకు కంటి ఆపరేషన్. అంతకుముందు ఒకసారి ఎమ్మిగనూరులో ఆవిడకు గురి ఉన్న కంటి డాక్టరుకు చూపించుకోవాలి. ఆ రోజు కారు బాగా నడిస్తే కర్నూలుకూ అందులోనే అని అత్త తేల్చేసింది. మధ్యలో మొరాయిస్తే కళ్లారా చూద్దామని నేనూ ముందు సీట్లో ఎక్కాను.

ఆదోనిలో ఎనిమిదికి బయల్దేరాం. ముప్పై కిలోమీటర్ల లోపే, ముప్పావు గంట దారి. ఊరు దాటకముందే పత్తి ట్రాక్టర్ల వెనక ఆగాం. ఆగగానే ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఏమప్పా వీరేశా, నీ బండికి అప్పుడే నిద్దరొచ్చిందా?" అన్నాను.

"దాని పద్ధతే అంతన్నా. నిలబడితే ఆగుతాది, బ్రేకు మీద కాలు తీస్తే లేస్తాది. పెట్రోలు మిగుల్తాది."

"నా జీపూ నిలబడితే ఆగుతాది. లేపేకి మాత్రం నలుగురు కావల్ల."

వెనక సీట్లో అత్త నవ్వింది. కానీ ఆ చల్లటి ఏసీ, ఆ మెత్తటి సీటు చూస్తుంటే నాకు నవ్వు రాలేదు. ఇంకాస్త దూరం పోయాక మీటరు దగ్గర పసుపు రంగు బ్యాటరీ గుర్తు వెలిగింది. వీరేశు మైలేజీ గొప్పలు చెప్పుకుంటూ గమనించలేదు. నేను చూశాను. నోరు మూసుకుని కూర్చున్నాను.

సగం దారిలో ఒక హోటలు దగ్గర మరమరాల ఉగ్గాని, బజ్జి తిన్నాం. ప్లేటు నలభై, కారం బాగుంది. తిరిగొచ్చి బటన్ నొక్కితే కారు టకటకమని ఊరుకుంది. ఏసీ లేదు. ఎండకు అత్త కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పదిన్నర దాటితే ఆ రోజు డాక్టరు దొరకడు. ఎదురుచూసిందే జరిగినా నాకు సంతోషం మాత్రం రాలేదు.

ఫోన్ చేస్తే ఎమ్మిగనూరు నుంచి మస్తాన్ అనే మెకానిక్ బైకు మీద వచ్చాడు. బానెట్ ఎత్తి ఒకటే నవ్వు. బ్యాటరీ పక్కనే నల్లగుడ్డ మూట వేలాడుతోంది. అందులో నిమ్మకాయ, ఉప్పు, పటిక. ఉప్పునీరు కారి బ్యాటరీ టెర్మినల్ పచ్చగా తుప్పు పట్టింది.

"రెండు బ్యాటరీల బండి అంటే అందరికీ భయమే భాయ్. సీటు కింద చిన్న హైబ్రిడ్ బ్యాటరీకి ఏం కాలేదు, ఇంజనుకు సాయం చేసే బెల్టు మోటారూ బాగుండాది. ఈ దిష్టి మూటే కొంప ముంచింది. ఎవురు కట్టినారు?"

"నేనే నాయనా," అంది అత్త. "పెద్దల్లుడి కన్ను పడకుండా. బయట కడితే చూసి నొచ్చుకుంటాడని లోపల కట్టినా."

వీరేశు రోడ్డు వైపు తిరిగి నవ్వాపుకుంటున్నాడు. మస్తాన్ టెర్మినల్ గీకుతూ, "ముందే లైటు వెలగాలే?" అన్నాడు.

"నేను సూడలేదు," అన్నాడు వీరేశు.

"నేను సూసినా," అన్నాను. ఎలా బయటికొచ్చిందో తెలియదు.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని నన్నే చూసింది. "ఇరవై ఏండ్లు నన్ను తిప్పినోడివి. నేను ఇంకో బండెక్కితే నీకు బాధైతాదని నాకు తెలీదా? కర్నూలుకు ఇందులోనే పోదాం. నువ్వు ముందర కూర్చో. వీరేశుకు దారి తెలీదు, నాకు నువ్వు లేకుంటే పొద్దుపోదు."

పదికి కారు లేచింది. మస్తాన్ మూడు వందలు తీసుకున్నాడు. పదిన్నరకు ఐదు నిమిషాల ముందు డాక్టరు గుమ్మం ఎక్కాం.

హైబ్రిడ్ అంటే తరచూ చెడిపోతుందేమోనని భయపడేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: ఆ రోజు బండిలో లోపం లేదు, బండెక్కిన మా ముగ్గురిలోనే ఉంది. నా కడుపుమంట ఇంకా పూర్తిగా చల్లారలేదు. అయినా కర్నూలు ప్రయాణం కోసం రోజులు లెక్కపెడుతున్నాను. ఒక్క సలహా: దూరం బయల్దేరే ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్స్ చూసుకోండి. దిష్టికి ఏదైనా కట్టాలంటే ముందు బంపరుకు, అందరికీ కనబడేలా కట్టండి.