పన్ను రసీదు

బూర్గంపాడులో బట్టలు కుట్టే కళావతి మెడలో టేపు లేకుండా బయటికి రాదు. మాట్లాడేటప్పుడు దాని కొసను వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. పొదుపు సంఘం ఆడవాళ్ల చేత ఫోన్‌లో ఒక యాప్ ద్వారా క్రిప్టో కరెన్సీ కొనిపించింది ఆమే. "దొంగ పనైతే సర్కారు పన్నెందుకు తీసుకుంటది?" అంటూ, తన మొదటి లాభం మీద కట్టిన పన్ను రసీదు అందరికీ చూపించేది. చలికాలంలో ఒకరోజు ఆ యాప్ తెరుచుకోలేదు, అందరి డబ్బూ అందులోనే పోయింది. అప్పటి నుంచి ప్రతి సోమవారం మిషన్ ఆపి, రసీదు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్తోంది.

నిన్న ఎస్సై ఆ రసీదు మొత్తం చదివి తిరిగి ఇచ్చాడు. "పన్ను తీసుకునేటందుకు చట్టమున్నదమ్మా. పోయిన పైసలు ఇప్పిచ్చే ఆఫీసే లేదు. కంపెనీ ఏ దేశంల ఉన్నదో గూడ తెల్వదు. కేసైతే రాసుకున్నం" అన్నాడు.

బయట జంపక్క ఎదురుచూస్తోంది. అడవిలో బీడీల తునికాకు కోసి దాచుకున్న డబ్బంతా కళావతి మాట మీద అందులో పెట్టిన మనిషి.

"ఏమన్నడు బిడ్డా?"

"వస్తయన్నడక్కా" అంది కళావతి, టేపు చుట్టుకుంటూ.

జంపక్క ముఖం విప్పారింది. "గట్లయితే అది మళ్ల తెరిచినంక మా చెల్లెను గూడ చేర్పియ్యి. ఈ ఏడు ఆకు పైసలు దాని కాడ ఉన్నయి."

కళావతి చేతులు ఆగిపోయాయి. టేపు వదిలేసి, "వద్దక్కా. అబద్ధం చెప్పిన. మనయి ఇగ రావు" అంది.

జంపక్క అక్కడే నిలబడి చెల్లెలికి ఫోన్ చేసింది. "పైసలు ఎవ్వలకియ్యకు. కళావతి అడిగినా ఇయ్యకు" అని చెప్పింది.