బోర్డు కాదు, బస్సునే చదివింది

గద్వాల బస్టాండు మైకుల బస్సుల కబుర్లే గానీ చావు కబురు ఎన్నడూ చెప్పరు. పోయిన నెల మా నాయినది చెప్పిండ్రు. "మన పాత కంట్రోలర్ సారు పొద్దుగాల పోయిండు" అని, ఐజ బస్సుకు, రాయచూరు బస్సుకు నడుమ ఒక్క మాట. విన్నోళ్ళు కొందరు ఎక్కాల్సిన బస్సు ఇడిసిపెట్టి సీదా మా ఇంటికి వచ్చిండ్రు. వాళ్ళల్ల సగం మంది ఎవరో నాకు తెల్వదు. ఏడుస్తనే ఉన్న, ఏడుస్తనే లోపల గర్వపడ్డ. ఉన్నదున్నట్టు చెప్తున్న.

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది, యాడికి పోతది, మైకుల చెప్పుడే మా నాయిన కొలువు. ఆయన రిటైరైనా గొంతు రిటైర్ కాలె. కండ్ల ముందర అక్షరం కనపడితే చాలు, పైకి చదివేటోడు. దుకాణం బోర్డు, పిండి సంచి, మందు సీసా, పెండ్లి పత్రిక, ఏదైనా సరే. "నీ నోరు జర బంద్ చెయ్యరాదు! సబ్బు మీద రాసింది గూడ మాకు చెప్పాల్నా?" అని మా అమ్మ మొత్తుకునేది. "చదువొచ్చినోడు గట్టిగ చదవాలె. రానోళ్ళు అడగనీకె సిగ్గుపడ్తరు" అనేటోడు. బోర్డు దిక్కు చూసుకుంట నిలబడి, అడగలేక బస్సు పోగొట్టుకున్న అవ్వలను ఎంతమందిని చూసిండో పాపం.

నా బిడ్డ పుట్టినంక ఆయనకు ఇంకో చెవి దొరికింది. పిల్లను ఒళ్ళ పండుకోబెట్టుకొని పేపర్ చదివేటోడు. వాన కబురు, పత్తి రేటు, ఏది పడితే అది. "బోర్లపడనీకె రాని పిల్లకు పత్తి రేటెందుకు నాయినా?" అన్న. "రేటు దానికెందుకే? నా గొంతు గావాలె" అన్నడు.

గొడవ మా ఆయనతోని మొదలైంది. చెడ్డోడు గాదు. చీరల దుకాణం నడుపుకుంటడు, పదో తరగతి దాటలె, అదే ఆయన కడుపుల మంట. ఫోన్ల ఎవరో పట్నం పిల్ల, సరిగ్గ నడక రాకముందే కార్డులు చూసి గడగడ చదువుతుంటే చూసిండు. మర్నాడే డబ్బ నిండ రంగు కార్డులు తెచ్చిండు, కొన్నిటి మీద అ ఆలు, కొన్నిటి మీద ఏబీసీడీలు. పాలు తాగకముందే కార్డు, అన్నం తింటుంటే కార్డు. "ఇదేంది? చెప్పు బిడ్డా, ఇదేంది?" పిల్ల మొదలు ఆటనుకున్నది. తర్వాత ఆ డబ్బ చప్పుడైతే చాలు, మంచం కింద దూరేది. నిమిషం నోరు మూయని పిల్లకు మాటలే తగ్గిపోయినయి. నాకు భయమైంది. అడిగితే, "అందరి పిల్లలు ముందటికి పోతుండ్రు, మనది ఎనకపడ్తది" అంటడు. తను పడ్డ చిన్నతనం బిడ్డ పడొద్దని ఆయన పరేషాన్. తిట్టనీకె గూడ నాకు మనసు రాకపోయేది.

నాయిన అల్లుణ్ణి ఒక్క మాట అనలె. "అల్లుడా, పొద్దుగాల జరసేపు పిల్లను నాతోని పంపు" అన్నడు, అంతే. చెయ్యి పట్టుకొని బస్టాండుకు తీస్కపోయేటోడు. వచ్చిన ప్రతి బస్సు బోర్డు తాత చదివేటోడు, ఎనకనే పిల్ల అరిచేది. నేర్పుడు లేదు, ఇదేంది అని అడుగుడు లేదు. కొన్ని దినాలకు పోయిన మాటలు మళ్ళ వచ్చినయి. ఇంట్ల కుర్చీ ఎక్కి, గరిటె పట్టుకొని, "గట్టు ఊరికి పోయేటోళ్ళు జల్ది రావాలె!" అని మా అమ్మను, నన్ను, ఆఖరికి పిల్లిని గూడ బస్సెక్కిచ్చేది.

ఒకనాడు మా ఆయన గూడ వాళ్ళ ఎంట పోయిండు. బస్సు దూరంగ మలుపు తిరగంగనే పిల్ల "గట్టు!" అన్నది. వచ్చింది గట్టు బస్సే. ఇంకోటి కనపడంగనే "వనపర్తి!" అన్నది. అదీ నిజమే. ఇగ మా ఆయన కాళ్ళు భూమ్మీద ఆగలె. "మామా, పిల్ల చదువుతున్నది!" నాయిన మీసాలల్ల నవ్వుకున్నడు. ఆదివారం నాడు మా ఆయన తన అన్నదమ్ములను, పక్క దుకాణమాయనను బస్టాండుకు పిలిచిండు. నన్ను గూడ రమ్మన్నడు. వీడియో తీయనీకె ఫోన్ పట్టుకొని నిలబడ్డడు.

బస్సొకటి మలుపు తిరిగింది. "గట్టు!" అని ఎగిరింది పిల్ల. దగ్గరికొచ్చినంక చూస్తే బోర్డు మీద గోపాల్‌పేట అని ఉన్నది. పక్క దుకాణమాయన కిసుక్కుమన్నడు. మా ఆయన మొహం చిన్నబోయింది, ఫోన్ జేబుల పెట్టుకున్నడు. పిల్ల అందరి మొహాలు చూసి నా కొంగు ఎనకకు వచ్చింది. అయ్యో, మళ్ళ మంచం కిందికే పోతదా ఇది అని దగ్గరికి గుంజుకున్న.

అప్పుడు లేసింది నాయిన గొంతు, మైకు లేకుండనే. "నా మనుమరాలు తప్పు చెప్పలె! డ్రైవరు సీటుల ఎవరున్నరో చూడుండ్రి!" చూసినం. రోజూ గట్టు బస్సు నడిపే డ్రైవరే. ముందట అదే సొట్ట, అద్దానికి అదే నిమ్మకాయల దండ. రోజూ గట్టు పోయే బస్సునే ఆనాడు అటు తిప్పిండ్రు. "మారింది బోర్డొక్కటే. పిల్ల బోర్డు చూడనే లేదు, బస్సునే చదివింది. సొట్టను చదివింది, మనిషిని చదివింది. గింత చదివిన పిల్లకు అక్షరాలెంత? వాటి టైముకు అవే వస్తయి. గర్వపడు అల్లుడా, నేనైతే పడుతున్న!"

డ్రైవరు కిటికీలకెళ్ళి తల బయటపెట్టి, "ఏం పాపా, గుర్తుపట్టినవా?" అన్నడు. పిల్ల కొంగు ఇడిసి, "గట్టు మామ!" అన్నది. అందరు మళ్ళ నవ్విండ్రు, ఈసారి మంచిగ నవ్విండ్రు. మా ఆయన బిడ్డను భుజం మీదికి ఎత్తుకున్నడు. ఆ కార్డులతోని ఇద్దరు కూసొని ఇండ్లు కట్టుకున్నరు కొన్నాళ్ళు.

మా నాయిన మాటనే అందరికీ వేదమని నేననను. చిన్నప్పుడే వాళ్ళంతట వాళ్ళు చదివే పిల్లలు ఉంటరు, వాళ్ళను ఆపొద్దు. ఆపమని ఆయన గూడ అనలె. పిల్ల అడిగితే చెప్పు, అడగకముందుకు చదివి వినిపియ్యి. గంతే ఆయన లెక్క.

నా బిడ్డ బడికి పోయినంక అందరి పిల్లల లెక్కనే చదువు నేర్చుకున్నది. కాకపోతే ఏది చదివినా పైకి చదువుతది. ఆఖరు దినాలల్ల నాయినకు కండ్లు ఆనకపాయె. అప్పుడు మంచం పక్కన నిలబడి పేపర్ చదివింది అదే. పత్తి రేటు కాడికి రాంగనే "ఎంతంట? మళ్ళొకసారి చెప్పు బిడ్డా" అనేటోడు, చెవులు మంచిగనే వినపడ్తున్నా. మాకు పత్తి చేను ఎన్నడూ లేదు.

నాయిన దినాలు అయినంక చుట్టాలను బస్సెక్కియ్యనీకె బస్టాండుకు పోయినం. ప్లాట్‌ఫాం మీద ఒక అవ్వ, చేతుల సంచి పట్టుకొని, బోర్డు దిక్కు చూస్తున్నది, మా దిక్కు చూస్తున్నది, అడుగుతలేదు. నేను నోరు తెరిసేలోపే నా బిడ్డ నా చెయ్యి ఇడిసింది. అవ్వ దిక్కు చూడనన్నా చూడలె. బోర్డు దిక్కు మెడ ఎత్తి, గుండె నిండ గాలి పీల్చుకొని, బస్టాండు అంతటికీ వినపడేటట్టు చదివింది.

"వనపర్తి బస్సు! పెబ్బేరు మీదుగ వనపర్తి!"

అవ్వ సంచి ఎత్తుకొని బస్సెక్కింది.