దుర్గమ్మ పీకిన జిల్లేళ్లు

మరాఠీ నేల మీది సాస్తి బొగ్గు గనిలోంచి తవ్విపోసిన మట్టి ఏళ్ల తరబడి పెరిగి గుట్టయింది. దానికి ఒక పక్క గని గొయ్యి, ఇంకో పక్క కూలీల ఇళ్లు. ఆ రెంటి మధ్యే దుర్గమ్మ బతుకు. మొగుడు సమ్మయ్య వెంట మంచిర్యాల నుంచి వచ్చినప్పుడు నాలుగేళ్లుండి పోదామనుకుంది. అక్కడి ఇల్లు కూలింది, ఇక్కడ సమ్మయ్య ఊపిరి చెడింది. మంచం దిగలేని మనిషిని వదిలి ఎటు పోతుంది? గుట్ట మీద మొక్కలు పెంచే కూలిపని పట్టుకుని వేలాడుతోంది.

గుట్ట నిండా గనివాళ్లు నాటించింది సుబాబుల్ చెట్లు. ఎదుగుతుంది గానీ ఆ నీడలో సీతాకోకచిలుక వాలిన పాపాన పోలేదు. ఎవరూ నాటకుండానే వచ్చింది జిల్లేడు. సముద్రపొడ్డు ఇసుక దిబ్బయినా, బొగ్గు మట్టయినా దానికి ఒకటే. గుట్ట అంచున గుబురుగా లేచింది. నారింజ రంగు సీతాకోకచిలుకలు ఆ ఆకుల మీద గుడ్లు పెట్టేవి. చారల గొంగళిపురుగులు కరకర నమిలేవి. ఆ పాల ఆకు తప్ప ఇంకోటి ముట్టవు. దుర్గమ్మ సద్దిమూట విప్పేది అక్కడే. రాత్రంతా దగ్గు విన్న చెవులకు ఆ కరకర ఒక్కటే సుఖం. పురుగులతో కబుర్లు చెప్పేది. వాటికి తెలుగు వచ్చో రాదో గానీ ఎదురు మాత్రం చెప్పేవి కావు.

ఇన్నేళ్లున్నా ఆమెకు మరాఠీ అబ్బలేదు. కాలనీ హిందీతో నెట్టుకొచ్చింది. పనిలో మాట తెలియకపోతే, కోర్పనా దిక్కు సరిహద్దు ఊరి నుంచి వచ్చిన తోటి కూలీ ఐలమ్మ తెలుగు చేసి చెప్పేది. ఆ గురువారం ఐలమ్మ గడ్‌చాందూర్‌లో కూతురింటికి వెళ్లింది. ఆ రోజే మొక్కల పని చూసే వైశాలి మేడమ్ వచ్చి, గుట్ట అంచు వైపు చెయ్యి చూపి, "రుయి తేవ్‌ఢీ ఠేవా, బాకీ సగళం కాఢా" అని జీపెక్కేసింది.

ఠేవా అంటే ఉంచమని, సగళం కాఢా అంటే అన్నీ పీకమని. అంతవరకు తెలుసు. రుయి అంటే పత్తి, హిందీలో అదే కదా! లారీల నుంచి గింజలు రాలి అక్కడక్కడ పత్తి మొలిచింది. పత్తి పండే జిల్లా, మేడమ్‌కు దాని మీద మోజు కాబోలు అనుకుంది. జిల్లేడు పాపం ఏం చేసిందని అడుగుదామంటే జీపు అప్పటికే గుట్ట దిగిపోయింది. పని పోతే సమ్మయ్య మందులెలా? ఏడుస్తూనే గడ్డపార పట్టింది. సాయంత్రానికి జిల్లేళ్లన్నీ పాలు కారుతూ పడి ఉన్నాయి.

మర్నాడు ఐలమ్మ వచ్చి చూసి నివ్వెరపోయింది.

"గిదేంది దుర్గక్కా, జిల్లేళ్లను గిట్ల పీకినవ్?"

"మేడమే చెప్పిందే. రుయి ఉంచి మిగతయి తీసెయ్యమన్నది. పత్తి ఉంచిన గద!"

ఐలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓ నా తల్లీ! మరాఠీల రుయి అంటే జిల్లేడే. శనివారం మారుతికి ఆకుల దండ ఏస్తరు సూడు, గదే రుయి."

దుర్గమ్మ అక్కడే కూలబడింది. కాపాడమన్నదాన్నే తన చేతులతో చంపుకుంది. వాడిన ఆకుల మీద ఇంకా కదులుతున్న పురుగుల్ని ఏరి కొంగులో వేసుకుంది. చుట్టుపక్కల మిగిలిన జిల్లేడల్లా మారుతి గుడి వెనక ఉన్న ఒక్క పొద. సాయంత్రం తీసుకెళ్లి వాటిని ఆ ఆకుల మీద వదిలింది. వదిలాక గుర్తొచ్చింది, తెల్లారితే శనివారం.

పొద్దున్నే వెళ్లి పొదకు అడ్డంగా నిలబడింది. కూలీల బండి హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఊళ్లో దండలు గుచ్చే లక్ష్మీబాయి బుట్టతో వచ్చింది.

"కొయ్యకమ్మా, ఆకుల మీద పిల్లలున్నయ్. నీకు దండం పెడ్త" అని దుర్గమ్మ రెండు చేతులూ జోడించింది.

కంగారులో దుర్గమ్మ నోట హిందీ రాలేదు, లక్ష్మీబాయికి తెలుగు ముక్క రాదు. చేతులు జోడించడం మాత్రం అర్థమైంది. పాపం, మారుతికి మొక్కుకున్నట్టుంది, దండ గుచ్చిపెట్టమని బతిమాలుతోంది అనుకుంది. జాలిపడి ఆమె భుజం నిమిరి, వద్దు వద్దంటున్నా పక్కన కూర్చోబెట్టింది. ఒక్కో ఆకునూ పురుగు లేకుండా శుభ్రంగా దులిపి, పొదంతా కోసి, అన్నిటికన్నా పెద్ద దండ గుచ్చి దుర్గమ్మ చేతిలో పెట్టింది. గుడికొచ్చిన ఆడవాళ్లు దారిచ్చి ఆమెను ముందుకు నడిపించారు. గర్భగుడి ముందు పూజారి చెయ్యి చాచాడు. దుర్గమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూ దండ ఇచ్చేసింది. ఎంత భక్తో అని వాళ్లు మురిసిపోయారు.