కాళ్ళున్న ఇంజన్

మా ఆయన క్లెమెంట్ ఫెర్న్ ముప్ఫై ఒక్క ఏళ్ళు టీ కాచాడు. ఇంట్లో కాదు లెండి, ఇంట్లో ఒక్కనాడూ ఆ పాపాన పోలేదు. డెర్బీషైర్‌లో మా ఊరి బుల్లి ఇంజన్ల క్లబ్బులో. తన చేత్తో చేసిన ఆవిరి ఇంజన్ తనను కూర్చోబెట్టుకుని పట్టాల మీద ఒక్క రౌండు లాగితేనే అక్కడ సభ్యుడికి బల్ల దగ్గర కుర్చీ. అంతవరకూ కుర్చీలవాళ్ళకి టీ కాచి ఇచ్చి, తను నిలబడి తాగాలి. ఆ రూలు పెట్టినవాడి నోట్లో మట్టి పడ.

మామూలు ఇంజన్ చేసుకుంటే రెండేళ్ళలో కుర్చీ దక్కేది. అందరిలా చేస్తే మా ఆయన ఎందుకవుతాడు? ఇరవై ఏళ్ళు ఏ ఇంజనూ నచ్చలేదు. రెండొందల ఏళ్ళ కిందట మా పక్క ఊళ్ళో ఓ ఇంజన్ చేశారు. ఇనప చక్రాలు ఇనప పట్టాల మీద జారిపోతాయన్న భయంతో దానికి వెనక రెండు కాళ్ళు పెట్టారు. అది నేలను తన్నుకుంటూ తనను తాను ముందుకు తోసుకుంటుంది. ఈయన మనసు దాని మీద పడింది. పాత బొమ్మ ఒక్కటి దగ్గర పెట్టుకుని పదకొండేళ్ళు ఇత్తడీ ఉక్కూ అరగదీశాడు. కీలు ఎలా తిరగాలో తెలియడానికి పొద్దస్తమానం తన మోకాలు వంచి చూసుకుంటుంటే, మా అక్క డాక్టరుకి చూపించమంది.

క్లబ్బు అధ్యక్షుడు వీట్‌క్రాఫ్ట్ నెలకోసారి వచ్చి చూసేవాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషి. బాయిలరు మీద రివెట్లు లెక్కపెట్టి, రెండు ఎక్కువయ్యాయని మొత్తం విప్పించాడు. పాదాల రంగు మీద క్లబ్బంతా ఒక చలికాలం కొట్టుకుంది. చివరికి మా వంటింటి బల్ల మీద పట్టాలు పరిచి వదిలితే, అది టకటకా నడిచి నా పిండిగిన్నెను తన్నేసింది. చూడ్డానికొచ్చిన క్లబ్బువాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

మే నెలలో ఓ ఆదివారం మా ఆయన టై కట్టుకుని క్లబ్బుకి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను.

క్లబ్బు పట్టాలు నేల మీద ఉండవు. మనిషి అటో కాలు ఇటో కాలు వేలాడేసుకు కూర్చోవడానికి వీలుగా నడుమెత్తు స్తంభాల మీద ఉంటాయి. పట్టాల మధ్య అక్కడక్కడా అడ్డకమ్మీలు, మిగతాదంతా గాలి. మా ఆయన ఇంజన్ వెనక ట్రాలీ మీద కూర్చుని ఆవిరి వదిలాడు. కాళ్ళు కదిలాయి, గాల్లో. ఉయ్యాల్లో పసిబిడ్డలా తన్నుకుంటూ ఇంజన్ ఉన్నచోటే ఉంది.

ముప్ఫై మంది ఇంజన్ పండితులు, పదకొండేళ్ళు, ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదనుకోండి, అది వేరే సంగతి. మా ఆయన ట్రాలీ దిగకుండా ఆ కాళ్ళనే చూస్తున్నాడు. ఆయనకి డెబ్బై నాలుగు. ఇంకో ఇంజన్ చేసే వయసు కాదు. నా గుండె చెరువైపోయింది.

"సరే, టీ పెడతాను," అన్నాడు చివరికి, ఎవరి ముఖమూ చూడకుండా.

"కూర్చోవయ్యా క్లెమ్," అన్నాడు వీట్‌క్రాఫ్ట్. "పదకొండేళ్ళు రివెట్లు లెక్కపెట్టానే గానీ, కింద నేలుందో లేదో చూడలేదు. బుద్ధిలేని వెధవని నేను."

లోపలికి వెళ్ళి, పొడుగాటి టీ బల్లను విప్పి చెక్కలు తెచ్చి పట్టాల మధ్య పరిచాడు. పాదం ఆనింది, ఇంజన్ కదిలింది. అది దాటిన చెక్కను వెనక నుంచి లాగి, ముందుకు పరిగెత్తి మళ్ళీ పరచాలి. అరవై దాటిన పెద్దమనుషులు ఒకరినొకరు తోసుకుంటూ, రొప్పుతూ అదే పని. నడుం పట్టేసి గడ్డిలో పడ్డ ఒకాయన పడుకునే చెక్కలందించాడు. కార్యదర్శి మాత్రం రూల్సు పుస్తకం తీసి, ఇంజన్‌కి బయటి సాయం కూడదని గొణిగాడు.

"దాన్ని ఎవడైనా ముట్టుకున్నాడా? మనం నేల తెచ్చాం, అంతే," అన్నాడు వీట్‌క్రాఫ్ట్, చెక్క మోస్తూనే.

రౌండుకి గంటా పది నిమిషాలు పట్టింది. లోపలికెళితే బల్ల లేదు, కుర్చీలే ఉన్నాయి. మా ఆయనను నడిమి కుర్చీలో కూర్చోబెట్టి, వీట్‌క్రాఫ్ట్ ఎన్నేళ్ళకో టీ కాచాడు. సగం చల్లారిన నీళ్ళు, పైన తేలే ఆకు. కుక్క కూడా ముట్టదు. మా ఆయన కప్పును మోకాలి మీద ఆనించుకుని, తీరిగ్గా, చుక్క మిగల్చకుండా తాగాడు. నేను ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

"ఇంకాస్త పొయ్యి," అన్నాడు కప్పు చాపి.

వీట్‌క్రాఫ్ట్ లేచి వెళ్ళి పోసుకొచ్చాడు.